సింహం కనిపిస్తే జెరోమేనా?

ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు 1514లో రాగి పలక మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మ ఒకటుంది. పేరు ‘సెయింట్ జెరోమ్ ఇన్ హిజ్ స్టడీ’. నెట్‌లో పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది. ముందు దాన్ని తెరిచి పెట్టుకోండి. గదిలో ఒక ముసలాయన బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నాడు. కిటికీ గట్టు మీద పుర్రె. గోడకి ఇసుక గడియారం, వెడల్పాటి టోపీ. నేల మీద ఓ కుక్క నిద్రపోతోంది, దాని పక్కనే సింహం! టైటిల్ లేకపోతే ఆయన జెరోమ్ అని ఎలా చెప్తారు?

నెమలి ఉంటే సుబ్రహ్మణ్యస్వామి, ఎలుక ఉంటే వినాయకుడు అని మన ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. యూరప్ చర్చి చిత్రాలకీ ఇదే పద్ధతి. తాళంచెవులు పీటర్‌వి, మేకుల చక్రం కేథరిన్‌ది, పళ్లెంలో కళ్లు లూసీవి. ఇలా గుర్తుల్ని చదివే విద్యే ఐకనోగ్రఫీ.

‘దీంతో ఉద్యోగం వస్తుందా?’ అని అడుగుతారు కదా. ‘క్రిస్టియన్ ఐకనోగ్రఫీ నిపుణులు కావలెను’ అనే నోటిఫికేషన్ కోసమైతే ఎదురు చూడకండి. కానీ మ్యూజియంలు తమ చిత్రాల్ని ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు ప్రతి దానికీ ఎవరో ఒకరు లేబుల్ రాయాలి. బొమ్మల్ని గుర్తుపట్టే ఏఐ మోడల్స్ ట్రైన్ అయ్యేది ఆ లేబుల్స్ మీదే. మిలాన్ పాలిటెక్నిక్ పరిశోధకులు క్రైస్తవ చిత్రాలతో చేసిన ఆర్ట్‌డీఎల్ డేటాసెట్‌లో 42 వేలకు పైగా బొమ్మలున్నాయి. ఐకన్‌క్లాస్ వాళ్ల టెస్ట్ సెట్‌లో 87 వేలకు పైనే. సీఎస్ఈ వాళ్లకి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇంతకంటే ఏం కావాలి? హిస్టరీ చదివిన వాళ్లకైతే కేటలాగింగ్, ఆర్కైవ్స్ ఇంటర్వ్యూల్లో చూపించడానికి ఒక పని చేతిలో ఉంటుంది. నన్నడిగితే, రెజ్యూమేలో పదో ఫేస్ డిటెక్షన్ ప్రాజెక్టు కంటే ఇది చాలా నయం.

అసలు కష్టం ఏ పుస్తకాన్ని ఏ ప్రశ్నకి తెరవాలో తెలియకపోవడం. మన జెరోమ్‌తోనే చూద్దాం.

జెరోమ్ బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు. 420లో బెత్లెహేములో చనిపోయారు. ఆయన పక్కకి సింహం ఎలా వచ్చింది? దీనికి ‘గోల్డెన్ లెజెండ్’ తెరవాలి. 13వ శతాబ్దంలో జాకోబస్ డి వొరాజిన్ అనే ఇటలీ సన్యాసి కూర్చిన పునీతుల కథల పుస్తకం అది. కుంటుకుంటూ మఠానికి వచ్చిన సింహానికి జెరోమ్ కాలు బాగుచేయించారని, తర్వాత అది మఠం గాడిదకి కాపలా కాసిందని అందులో ఉంది. చాలామంది చిత్రకారులకి ముడిసరుకు ఈ పుస్తకమే. కాక్స్‌టన్ 1483లో అచ్చు వేసిన ఇంగ్లిష్ అనువాదం ఫోర్డ్‌హామ్ యూనివర్సిటీ సైట్లో ఉచితం. భాష మాత్రం విసిగిస్తుంది. లైబ్రరీలో దొరికితే 1993లో వచ్చిన విలియం గ్రేంజర్ రయన్ అనువాదం పట్టుకోండి.

ఇప్పుడు తిరకాసు. దాదాపు ఇదే సింహం కథని అంతకు ఎన్నో శతాబ్దాల ముందే జోర్డాన్ నది దగ్గరుండే గెరాసిమస్ అనే సన్యాసి గురించి రాశారు. లాటిన్‌లో జెరోమ్ పేరు హిరోనిమస్. రెండు పేర్లూ దగ్గరగా ఉండటంతో కథ ఈయన ఖాతాలో పడిందని పండితుల అభిప్రాయం. గోడకున్న టోపీ కార్డినల్‌ది. కార్డినల్స్‌కి ఎర్ర టోపీ వచ్చిందే 13వ శతాబ్దంలో, అంటే జెరోమ్ పోయిన 800 ఏళ్లకి. అలాగని డ్యూరర్ తప్పు వేశాడని కాదు. తన కాలం జెరోమ్‌ని ఎలా ఊహించుకుందో అలా చెక్కాడు.

అందుకే ‘చిత్రకారుడు ఏ కథ చదివాడు?’, ‘నిజంగా ఏం జరిగింది?’ అనే రెండు ప్రశ్నల్ని కలపకండి. రెండోదానికి బొల్లాండిస్టులు ఉన్నారు. ఈ జెస్యూట్ పండితులు 1643లో ఆంట్‌వెర్ప్‌లో ‘ఆక్టా సాంక్టోరమ్’ వేయడం మొదలుపెట్టారు. పండగ తేదీల వరసలో పునీతుల జీవితాల మీదున్న పాత రాతల్ని తూకం వేసే భారీ సంపుటాలు. అన్నీ లాటిన్‌లోనే, కాబట్టి దీంతో మొదలుపెట్టకండి. ఆ బృందంలోని వాడే ఇపొలిట్ డెలహే 1905లో రాసిన ‘లెజెండ్స్ ఆఫ్ ది సెయింట్స్’ ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. కథలు ఎలా పుడతాయో, ఒకరివి ఇంకొకరికి ఎలా అంటుకుంటాయో తెలుసుకోవడానికి అది చాలు.

బొమ్మలో వస్తువు కనిపిస్తోంది, మనిషెవరో తెలియట్లేదు అనుకోండి. అప్పుడు జేమ్స్ హాల్ 1974 నాటి ‘డిక్షనరీ ఆఫ్ సబ్జెక్ట్స్ అండ్ సింబల్స్ ఇన్ ఆర్ట్’. వస్తువు పేరుతో వెతకొచ్చు. డబ్బులు పెట్టలేకపోతే ఆనా జేమ్సన్ 1848లో రాసిన ‘సేక్రెడ్ అండ్ లెజెండరీ ఆర్ట్’ ఆర్కైవ్‌లో ఉంది. మధ్యయుగం బొమ్మలకైతే ప్రిన్స్‌టన్‌లో 1917లో మొదలైన ‘ఇండెక్స్ ఆఫ్ మిడీవల్ ఆర్ట్’. 2023 నుంచి అందరికీ ఉచితం.

లేబుల్ రాయడానికి ఐకన్‌క్లాస్ కోడ్ నేర్చుకోండి. లైబ్రరీ నంబర్ల లాంటిదే. 1 అంటే మతం, 11 క్రైస్తవం. దానికి ఒక ‘హెచ్’ చేరిస్తే పునీతులు, రెండు ‘హెచ్’లైతే పునీతురాళ్లు, ఆపైన బ్రాకెట్‌లో పేరు. ప్రోగ్రామింగ్ తెలిసిన వాళ్లకి ఒక సాయంత్రం పని.

ఇప్పుడు సింహం ఉన్న 50 చిత్రాలు తీసుకోండి. రెక్కలున్న సింహమైతే సువార్తికుడు మార్క్ కావచ్చు. ఆర్థడాక్స్ ఐకన్‌లో ముసలి సన్యాసి పక్కనుంటే గెరాసిమస్‌నీ మర్చిపోకండి. షీట్‌లో నాలుగు కాలమ్స్ చాలు: కంటికి కనిపించింది, ఎవరనుకుంటున్నారు, ఏ ఆధారంతో, కోడ్. ఆధారం దొరక్కపోతే ‘గుర్తించలేదు’ అనే రాయండి. ఊహించి నింపిన గడి మోడల్‌లోకి వెళ్తే మళ్లీ పట్టుకోవడం నరకం.

మన దగ్గరా మెటీరియల్ ఉంది. విజయవాడ గుణదల కొండ మీద ఉన్నది లూర్దు మాత. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్ అనే అమ్మాయి తాను చూశానని చెప్పిన రూపం: తెల్లని బట్టలు, నడుముకి నీలం పట్టీ, గుహ. వేళాంకణ్ణి మాత అయితే చీరలో, చేతిలో బాలయేసుతో ఉంటుంది. రెండిటికీ ‘మరియమాత’ అని ఒకటే లేబుల్ కొడితే డేటాసెట్ ఎందుకూ పనికిరాదు. వికీడేటాలో ఇలాంటి వాటికి తెలుగు పేర్లు మీరే చేర్చొచ్చు. మీరు చేసిన ప్రతి ఎడిట్ మీ ఖాతా కింద కనిపిస్తుంది కాబట్టి ఆ లింకు రెజ్యూమేలో పెట్టుకోవచ్చు.

మీ ఊరి చర్చిలో ఫొటో తీసే ముందు ఫాదర్‌గారిని ఒకమాట అడగండి. ఆ విగ్రహం ఎప్పుడొచ్చింది, ఎక్కడ చేయించారు అనేది ఆయనకి తెలిసి ఉండొచ్చు. చెప్తే, అడిగిన తేదీతో సహా మూడో కాలమ్‌లో రాసుకోండి.