బటర్ చికెన్ ఎవరిది? ఢిల్లీ హైకోర్టుకెక్కిన రెండు కుటుంబాల వాదన

ఒక వంటకాన్ని మొదట ఎవరు వండారో న్యాయస్థానం తేల్చగలదా? 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన దావాలోని ప్రశ్న ఇదే. వాదులు మోతీ మహల్ రెస్టారెంట్ల యజమానులైన గుజ్రాల్ కుటుంబీకులు. ప్రతివాది 2019లో ఢిల్లీ ఏరోసిటీలో మొదలై, నోయిడా, గురుగ్రామ్‌లకు విస్తరించిన దర్యాగంజ్ రెస్టారెంట్ల సంస్థ. దావా పత్రాలు 2,752 పుటలు. కోరిన నష్టపరిహారం సుమారు 2 కోట్ల రూపాయలు.

డబ్బు కన్నా పెద్ద విషయం మరొకటి ఉంది. బటర్ చికెన్, దాల్ మఖనీల సృష్టికర్తలం తామేనని దర్యాగంజ్ సంస్థ తన పేరు కింద రాసుకుంటోంది. ఆ మాటను వాడకుండా ఆపాలన్నది గుజ్రాల్ కుటుంబం ప్రధానమైన కోరిక. ఆ ఘనత తమ పెద్దాయన కుందన్ లాల్ గుజ్రాల్‌దని వారి వాదన. కాదు, మా తాత కుందన్ లాల్ జగ్గీదని అవతలి పక్షం అంటోంది. ఇద్దరి పేర్లూ కుందన్ లాల్ కావడం కాకతాళీయమే కానీ, కథను చెప్పేవారిని తికమక పెట్టడానికి అదొక్కటి చాలు.

పెషావర్ నుంచి దర్యాగంజ్‌కు

మోతీ మహల్ పేరు పుట్టింది నేటి పాకిస్తాన్‌లోని పెషావర్‌లో. మోఖా సింగ్ లాంబా అనే ఆయన నడిపిన ఆ భోజనశాలలో గుజ్రాల్ పనిచేసేవారు. 1947లో దేశవిభజన జరిగింది. పశ్చిమ పంజాబ్ నుంచి, వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి లక్షలాది మంది కట్టుబట్టలతో ఢిల్లీ చేరుకున్నారు. 1941లో సుమారు 9 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటింది.

అలా వచ్చినవారిలో గుజ్రాల్, జగ్గీ, ఠాకూర్ దాస్ మగో కూడా ఉన్నారు. పాతఢిల్లీని ఆనుకుని ఉన్న దర్యాగంజ్‌లో ఈ ముగ్గురూ భాగస్వాములుగా మోతీ మహల్‌ను తిరిగి తెరిచారు. జవహర్‌లాల్ నెహ్రూకు ఆ వంట నచ్చింది. ప్రభుత్వ విందుల్లోకి తందూరీ చికెన్ ప్రవేశించింది. కాందిశీకుల భోజనశాల కొద్ది ఏళ్లలోనే రాజధానికి వచ్చే విదేశీ అతిథులు చూడవలసిన చోటుగా మారింది.

కోడి తిరగదు, వేడే చుట్టుముడుతుంది

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సాయంత్రం వేళ హోటళ్ల ముందు గాజు పెట్టెలో కోళ్లు గుండ్రంగా తిరుగుతూ కాలడం మన శ్రోతలు చూసే ఉంటారు. మనం గ్రిల్ చికెన్ అని పిలిచేది అదే. అందులో మంట ఒకవైపే ఉంటుంది కనుక, అన్ని పక్కలా సమానంగా కాలడానికి కోడి తిరగాలి.

తందూర్‌లో పద్ధతి వేరు. అది నిలువుగా ఉండే లోతైన మట్టి పొయ్యి. అడుగున బొగ్గులు, చుట్టూ వేడెక్కిన మట్టి గోడలు. ఉష్ణోగ్రత 400 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. పెరుగు, మసాలాలు పట్టించిన కోడిని ఇనుప చువ్వకు గుచ్చి అందులోకి దించుతారు. వేడి అన్ని వైపుల నుంచీ తగులుతుంది కనుక తిప్పవలసిన పని లేదు. కరిగిన కొవ్వు బొగ్గులపై పడి లేచే పొగ మాంసానికి వాసన పట్టిస్తుంది. సగం కాలిన తరువాత బయటికి తీసి, నీరు కారిపోయేలా కాసేపు వేలాడదీసి, వెన్న పూసి మళ్లీ దించడం వృత్తి వంటవారి అలవాటు.

బటర్ చికెన్ పుట్టుకకు కారణం ఈ పద్ధతిలోనే ఉంది. గిరాకీని ఊహించి కోళ్లను ముందుగానే కాల్చి ఉంచాలి. అమ్ముడుపోనివి గంటల తరబడి గాలికి ఆరుతాయి. మళ్లీ తందూర్‌లో పెడితే పీచులా గట్టిపడతాయి. ఫ్రిజ్ అందుబాటులో లేని రోజుల్లో ఇది ప్రతి రాత్రీ ఎదురయ్యే నష్టం. టమాటా గుజ్జు, వెన్న, మీగడలతో చేసిన చిక్కటి రసంలో ఆ ముక్కలను వేస్తే తేమ తిరిగి వస్తుంది, టమాటా పులుపు పొగవాసనకు తోడవుతుంది. ఇది పొదుపు నుంచి పుట్టిన వంట అన్నంత వరకు రెండు కుటుంబాలకూ పేచీ లేదు.

పేచీ అంతా ఎప్పుడు, ఎవరి చేతిలో అన్న చోటే. 1930లలో పెషావర్‌లోనే గుజ్రాల్ దీన్ని కనుగొన్నారని ఒక పక్షం చెబుతోంది. 1947లో ఢిల్లీలో ఒక రాత్రి, మూసే వేళకు పెద్ద గుంపు వచ్చిందని, మిగిలిన కొద్ది ముక్కలను అందరికీ సరిపెట్టడానికి జగ్గీ ఆ రసం చేయించారని రెండో పక్షం అంటోంది. 1949 నాటి భాగస్వామ్య పత్రం, 2017లో జగ్గీ స్వయంగా మాట్లాడిన వీడియో ఆ పక్షం చూపుతున్న ఆధారాలు. 1997లో గుజ్రాల్, 2018లో జగ్గీ కన్నుమూశారు. అడిగి తెలుసుకోవడానికి మొదటితరం వారిద్దరూ లేరు.

చట్టం ఏమంటుంది?

వంట విధానంపై హక్కు సంపాదించడం భారత చట్టాల కింద చాలా కష్టం. కాపీరైట్ ఒక భావాన్ని వ్యక్తం చేసిన రూపానికే వర్తిస్తుంది. వంటల పుస్తకంలోని వాక్యాలను నకలు చేయరాదు కానీ, అందులోని కూరను ఎవరైనా వండుకోవచ్చు. పేటెంట్‌కు కొత్తదనం ఉండాలి. దశాబ్దాలుగా ప్రతి దాబాలోనూ ఉడుకుతున్న కూరకు ఆ అర్హత ఎక్కడిది? రహస్యంగా దాచుకోవడం మరో మార్గం. కానీ ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు.

భౌగోళిక గుర్తింపు మన ప్రాంతాలకు బాగా పరిచయమైనదే. తిరుపతి లడ్డూకు 2009లో, హైదరాబాద్ హలీంకు 2010లో అది దక్కింది. అయితే ఆ గుర్తింపు ఊరికి, ప్రాంతానికి చెందుతుంది తప్ప కుటుంబానికి కాదు. రసగుల్లా కోసం పోటీపడిన పశ్చిమ బెంగాల్, ఒడిశాలు 2017లో, 2019లో ఎవరి రకానికి వారు విడివిడిగా గుర్తింపు పొందాయి.

అందువల్ల ఈ దావాలో బటర్ చికెన్ వండవద్దని ఎవరూ ఎవరినీ అనలేదు. సృష్టికర్తలమన్న మాటతో వినియోగదారులను తప్పుదోవ పట్టిస్తున్నారా, ఒకరి పేరుప్రతిష్ఠలను మరొకరు వాడుకుంటున్నారా అన్నదే అసలు అంశం. జస్టిస్ సంజీవ్ నరూలా 2024 జనవరిలో ప్రతివాదులకు సమన్లు జారీ చేసి, లిఖితపూర్వక సమాధానం కోరారు.

ఇటువంటి తగవు భారతదేశానికే పరిమితం కాదు. చికెన్ టిక్కా మసాలా తమ నగరంలోనే పుట్టిందని, ఐరోపా సమాఖ్య రక్షిత హోదా ఇప్పించాలని 2009లో గ్లాస్గోకు చెందిన పార్లమెంటు సభ్యుడు కోరారు. ఆ ప్రయత్నం ఫలించలేదు.

ముగ్గురు భాగస్వాములు, ఎందరో వంటవారు కలిసి నడిపిన వంటశాలలో ఒక కూరకు ఒక్కరి పేరే పెట్టడం ఈ వ్యాస రచయితకు సందేహాస్పదంగానే తోస్తోంది. తందూర్ దగ్గర చెమటోడ్చిన పనివారి పేర్లు ఏ పక్షం కథలోనూ వినిపించవు. గుజ్రాల్ మనుమడు మోనిష్ గుజ్రాల్, జగ్గీ మనుమడు రాఘవ్ జగ్గీ ఎవరి రెస్టారెంట్లను వారు విస్తరించుకుంటున్నారు. దర్యాగంజ్‌లోని పాత మోతీ మహల్ మాత్రం 1990ల తొలినాళ్లలోనే వేరొకరికి అమ్ముడైంది. ఆ తందూర్‌లు ఉన్న చోటు నేడు ఈ రెండు కుటుంబాల్లో ఎవరి చేతిలోనూ లేదు.