అల్లం పేరున్న సీసా: నాలుక తీర్పు ఊపిరితిత్తులకు చెల్లదు

విశాఖలో అల్లం మీద జనానికి గొప్ప నమ్మకం. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీ పొలాల్లో పండుతుంది, సంతల మీదుగా నగరానికి దిగుతుంది. పొద్దున్నే అల్లం టీ, పెసరట్టులోకి అల్లం పచ్చడి, జలుబు చేస్తే శొంఠి కషాయం. ఇంతటి మంచి పేరు ఉన్నందుకే, ఇంట్లో వేప్ (ఈ-సిగరెట్) ద్రవం కలుపుకునేవారికి చిన్న సీసాలో దొరికే అల్లం ఫ్లేవర్ మీద అనుమానం రాదు. మూత తీసి వాసన చూస్తారు. గ్లిజరిన్‌లో నాలుగు చుక్కలు వేసి, ఒక దమ్ము లాగి, బాగుందో లేదో తేల్చేస్తారు. ఆ పరీక్షతో తెలిసేది రుచి ఒక్కటే.

"అల్లం గొంతుకు మంచిది కాబట్టి దాని ఆవిరీ మంచిదే" అన్నది మొదటి అపోహ. నిజానికి సీసాలో అల్లం ఉండదు. అల్లం ఘాటుకు మూలం జింజెరాల్. ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, శొంఠి మరింత ఘాటుగా ఉండేది అందుకే. నీటి ఆవిరి పట్టి అల్లం నూనె తీసినప్పుడు ఈ ఘాటు పదార్థాలు దాదాపుగా వెంట రావు. నూనెలోకి చేరేది వాసన: జింజిబెరీన్, నిమ్మవాసనతో ఉండే సిట్రాల్ వంటివి. చాలా ఫ్లేవర్లు ఆ నూనెతోనో, అదే వాసన వచ్చేలా కూర్చిన రసాయనాలతోనో తయారవుతాయి. కాబట్టి దమ్ము లాగినప్పుడు గొంతులో తగిలే చురుకు శొంఠి గుణమని మురిసిపోవడానికి లేదు. అది నికోటిన్‌ది కావచ్చు, ద్రవంలో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్‌ది కావచ్చు, లోపలి పొర రేగడం వల్లా కావచ్చు.

అన్నిటికన్నా బలంగా పాతుకున్న మాట మరొకటి ఉంది: "తినే సరుకేగా, పీలిస్తే ఏమవుతుంది?" అమెరికాలోని ఫ్లేవర్ తయారీదారుల సంఘమే దీనికి జవాబు చెప్పింది. తాము ఇచ్చే సురక్షిత గుర్తింపు ఆహారంలో వాడకానికే పరిమితమని, ఈ-సిగరెట్లకు వర్తించదని స్పష్టం చేసింది. తిన్నదాన్ని జీర్ణాశయం, పేగులు, కాలేయం వడగట్టి పంపుతాయి. ఊపిరితిత్తుల గాలి గదులకు అలాంటి కాపలా లేదు. మిస్సోరి రాష్ట్రంలోని ఒక పాప్‌కార్న్ కర్మాగారంలో పనిచేసిన ఎనిమిది మందికి సన్నని శ్వాసనాళాలు మూసుకుపోయే జబ్బు వచ్చిందని 2000లో బయటపడింది. అక్కడి గాలిలో ఉన్నది వెన్న వాసనకు వాడే డయాసిటైల్. పాప్‌కార్న్‌లో కోట్లమంది తిన్న పదార్థమే! 2015లో హార్వర్డ్ పరిశోధకులు 51 రకాల ఈ-సిగరెట్ ఫ్లేవర్లు పరీక్షిస్తే 39లో డయాసిటైల్ కనిపించింది. అల్లం బిస్కెట్టు, అల్లం కేకు రుచులంటూ వెన్న వాసన జోడించిన సీసాల విషయంలో ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

కలిపిన ద్రవాన్ని కొన్నాళ్లు నిలవ ఉంచితే రుచి కుదురుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు చెబుతారు. రుచి మారే మాట నిజమే. అయితే సీసా లోపల రసాయన చర్య కూడా సాగుతుంది. సిట్రాల్, వెనిలిన్ వంటి ఆల్డిహైడ్లు ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిసి ఎసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారుతున్నాయని, వాటికి శ్వాసమార్గంలోని నాడులను రేపే గుణం ఉందని 2018లో యేల్ పరిశోధకులు చూపించారు. అంటే లేబుల్ మీద ఉన్న జాబితా చదివినా, నెల తరవాత ఆ సీసాలో ఏముందో పూర్తిగా తెలియదు.

బేకరీ సరుకుల కొట్లో దొరికే నూనె ఆధారిత ఎసెన్సుతో ఇంకా ప్రమాదం. నూనె తుంపర ఊపిరితిత్తుల్లో చేరితే ఒక రకం న్యుమోనియా రావచ్చు. 2019లో అమెరికాను వణికించిన వేపింగ్ జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా మరణించారు. అందులో మరణాలు 68. ఎక్కువ కేసులు గంజాయి సారం కలిపిన ద్రవాలవి, అల్లం ఫ్లేవర్‌వి కావు. కానీ ప్రధాన దోషిగా తేలిన విటమిన్ ఈ ఎసిటేట్ కూడా మాత్రల్లో, చర్మపు క్రీముల్లో నిశ్చింతగా వాడేదే.

"ఇంతమంది తాగుతున్నారు, ఎవరికేమైంది?" అనేవారికి ఉత్తరాంధ్ర చరిత్రే జవాబు. నిప్పున్న కొనను నోట్లో ఉంచుకుని చుట్ట కాల్చే అడ్డపొగ ఇక్కడి ఆడవాళ్లలో తరతరాల అలవాటు. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, అడ్డపొగ వల్ల అంగిలి మీద ఏర్పడే మచ్చలను, పుండ్లను, క్యాన్సర్‌ను లోకం ముందు పెట్టింది. నోరు తెరిపించి చూసేదాకా ఆ లెక్క తేలలేదు. నేటి ఈ-సిగరెట్ 2003లో చైనాలో రూపుదిద్దుకుంది. దశాబ్దాలపాటు పీల్చితే ఏమవుతుందో చెప్పేటంత వయసు దానికింకా రాలేదు.

నికోటిన్ లేకపోతే చట్టం అడ్డురాదన్నదీ తప్పే. మన దేశంలో ఈ-సిగరెట్లపై 2019 నాటి నిషేధ చట్టం నికోటిన్ ఉన్నా లేకున్నా ఒకటే అంటుంది. తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నేరమే. మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విదేశం నుంచి వస్తూ సామాన్లలో తెచ్చుకున్నా అది దిగుమతే.

సిగరెట్ మానడానికి వేప్ సాయపడుతుందన్న మాటను మాత్రం కొట్టిపారేయలేం. బ్రిటన్‌లో వైద్యులు అందుకు దాన్ని సూచిస్తున్నారు. అయితే అక్కడ నికోటిన్ ద్రవం సీసా 10 మిల్లీలీటర్లు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, అమ్మకానికి ముందే వివరాలు ప్రభుత్వానికి అందాలి. వంటింట్లో కలిపిన సీసాకు ఈ కాపలా ఏదీ ఉండదు. ఇక్కడ మానాలనుకునేవారికి మందుల షాపులో నికోటిన్ గమ్ ఉంది, 1800-11-2356 నంబరులో ఉచిత సలహా ఉంది.

ఇప్పటికే పీలుస్తున్నవారికి దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం కలిసి వస్తే ఆలస్యం చేయకూడదు. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) వెళ్లినా, పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి వెళ్లినా, వేప్ సంగతి దాచకుండా చెప్పి, వాడిన సీసా కూడా డాక్టరుకు చూపించాలి. ఎక్స్‌రేలో కనిపించే మచ్చ మామూలు న్యుమోనియానో కాదో తేల్చుకోవడానికి ఆయనకు ఆ సమాచారం కావాలి.