కబురు చెప్పే పోగు

ధర్మపురి వారికి హొగెనకల్ పుట్టిని గురించి వేరే చెప్పనక్కరలేదు. వెదురు బద్దలను బుట్టవలె అల్లి, పూర్వం తోలుతోను, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాతోను కప్పి కావేరిలో నడుపుతారు. అల్లిక బలమిస్తుంది, కప్పు నీటిని ఆపుతుంది. ఏ ఒక్కటీ విడిగా ఏరు దాటించలేదు.

ఇట్లా రెండు వస్తువుల గుణాలను ఒకచోట చేర్చిన దానినే ఇంజనీర్లు కాంపోజిట్ అంటారు. గాజు పోగులనో, కార్బన్ పోగులనో గుడ్డగా నేసి, పొరలు పేర్చి, రెజిన్ అనే బంకను పట్టించి గట్టిపరుస్తారు. అది ఇనుముకంటె ఎంతో తేలిక. కోట హరినారాయణగారు ముఖ్య రూపశిల్పిగా తయారై, 2001 జనవరి 4న మన పొరుగున బెంగుళూరులో మొదటిసారి ఎగిరిన తేజస్ విమానపు కట్టడంలో, బరువును బట్టి చూస్తే సుమారు 45 శాతం ఇటువంటిదే.

అయితే దీనికొక చెడ్డగుణం ఉన్నది. పుట్టికి చిల్లి పడితే నీరే చెబుతుంది. రేకుకు దెబ్బ తగిలితే సొట్ట కనబడుతుంది. కాంపోజిట్ మీద పనివాని చేతిలోని సుత్తి జారిపడితే పైన గీత అయినా కనబడకపోవచ్చును. లోపల మాత్రం పొరలు విడిపోయి ఉండవచ్చును. ఆకాశంలో ఉన్నవారి ప్రాణాలు ఆ కనబడని పగులు మీద ఆధారపడి ఉంటాయి.

పైన అంటించే కొలత పట్టీలు పైపొర సంగతే బాగా చెబుతాయి. అందుచేత శాస్త్రజ్ఞులు నేతనే ఆశ్రయించారు. చీరలో జరీని నేసినట్లు, విద్యుత్తు ప్రవహించే సన్నని పోగును గుడ్డలోనే నేస్తారు. రెజిన్ పట్టిన తరువాత అది లోపలే ఉండిపోతుంది. కొసలు మాత్రం బయటికి వస్తాయి. పోగు సాగితే విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది. బరువు తీసిన తరువాతకూడా ఆ అడ్డు మునుపటి స్థాయికి రాకపోతే లోపల ఏదో చెడినదని అనుమానించవలసినదే.

చెప్పినంత సులభం కాదు సుమండీ! పోగు లావైతే పక్క పోగులు వంకరపోయి, కాపలాదారే బలహీనతకు కారణమవుతాడు. కార్బన్ పోగులలోను విద్యుత్తు ప్రవహిస్తుంది గనుక, వాటికి తగలకుండా తొడుగు వేయాలి. ఎండవేడికీ అడ్డు మారుతుంది గనుక, బరువు పడని మరొక పోగుతో పోల్చి చూడాలి.

బిగువు ఎక్కువైతే పోగు తెగుతుందనీ, తక్కువైతే గుడ్డ ముడుతపడుతుందనీ మగ్గం ఎరిగిన ఇంటివారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంజనీరింగు చదివే మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, తాతగారి పక్కన కూర్చుని పడుగూ పేకా సంగతి ఒక్కసారి అడగాలి. ఆ జ్ఞానం పాతబడలేదు. రేపటి విమానపు రెక్కకు అది కావలసి ఉన్నది.