చంటిబిడ్డ నిద్ర, తల్లి నిద్ర
తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురికి మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో సలహాలకు కొదువ లేదు. 'వెల్లకిలా ఉంటే ఉలిక్కిపడతాడు, బోర్లా పడుకోబెట్టు' అంటుంది ఒకావిడ. 'రాత్రంతా లేస్తున్నాడంటే నీ పాలు చాలడం లేదేమో' అంటుంది మరొకావిడ. ప్రేమతోనే అంటారు. కానీ పసివాడి పొట్ట చిన్నది, రెండు మూడు గంటలకోసారి పాలకు లేవడం సహజమే. మొదటి 6 నెలలు తల్లిపాలే చాలు. తేనె, నీళ్లు వద్దు. వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. 1994లో అమెరికాలో ఈ ప్రచారం మొదలయ్యాక నిద్రలో శిశువుల హఠాన్మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

సొలొమోను తీర్పు మనందరికీ తెలుసు. ఆ తగవుకు మూలం, నిద్రలో తల్లి కింద నలిగి చనిపోయిన పసికందు. ఇద్దరూ మూడు రోజుల తేడాతో ప్రసవించిన బాలింతలు. ఆ ఇంట్లో వాళ్లు తప్ప ఇంకెవరూ లేరని మొదటి రాజుల గ్రంథం మూడో అధ్యాయం చెబుతోంది. బిడ్డను కాసేపు ఎత్తుకునే మనిషి ఒక్కరూ లేరన్నమాట!

ప్రియులారా, ఈ వారం బాలింతను చూడబోతే సలహా తర్వాత చెప్పండి. ముందు బిడ్డను అందుకుని, 'నువ్వు రెండు గంటలు పడుకో అమ్మా' అనండి.