బడికి తాళం, పరీక్షే తాళంచెవి

పరీక్ష అనగానే విద్యార్థి మిత్రులకు హాల్‌టిక్కెట్టు, అడిషనల్ పేపరు, గుండెదడ గుర్తుకొస్తాయి. నేను చెప్పబోయేది రోగానికి చేసే పరీక్ష. అది అందరికీ అందివుంటే 2020, 2021 సంవత్సరాలలో ఎందరో పిల్లలకు బడి అన్ని నెలలు దూరమయ్యేది కాదని నా నమ్మకం.

కరోనాలోని చిక్కేమిటంటే, దగ్గు, జ్వరం లేనివాడు కూడా ఇతరులకు అంటించగలడు. రోగం ఎవరిలో ఉందో తెలియనప్పుడు మిగిలే దారి అందరినీ ఇంట్లో కూర్చోబెట్టడమే. 2020 మార్చిలో మన రాష్ట్రంలో బడులు మూతబడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి టి-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనాయి. నేనప్పుడు పదో తరగతి. మా ఇంటికంతా ఒకటే ఫోను, అదీ నాయన జేబులో పొలానికి పోయేది. ఇక అర్థంగాని లెక్కను టీవీని అడిగితే చెప్పదు గదా!

మరి పరీక్షలు ఎందుకు చేయలేదు? ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షలో ముక్కు, గొంతు నుంచి తీసిన నమూనాను ఒక ద్రావకంలో ఉంచి ల్యాబుకు పంపాలి. అక్కడ వైరస్ ఆర్.ఎన్.ఏ.ను వేరుచేసి, ఆ తర్వాతే యంత్రంలో పెట్టాలి. ఈ వేరుచేయడంలోనే డబ్బూ సమయమూ బాగా ఖర్చవుతాయి.

దీనికి ఉపాయం మన పొరుగునే దొరికింది. వారాసిగూడలో నేనుండే గది నుంచి క్యాంపస్ మీదుగా నడిస్తే తార్నాక, అక్కడి నుంచి ఉప్పల్ రోడ్డున కొంతదూరం పోతే సి.సి.ఎం.బి. వస్తుంది. అక్కడి శాస్త్రజ్ఞులు ద్రావకం లేకుండా పొడి పుల్లనే ల్యాబుకు తెచ్చి, ఆర్.ఎన్.ఏ.ను వేరుచేసే మెట్టు తీసేసి పరీక్షించే పద్ధతిని రూపొందించారు. 2020 నవంబరులో ఐ.సి.ఎం.ఆర్. దానికి అనుమతినిచ్చింది.

రెండవ ఉపాయం నమూనాలను కలపడం. 1943లోనే రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే అమెరికన్ సైనికుల రక్తపరీక్షలకై ఈ లెక్క కట్టాడు. వంద మంది పిల్లలున్న బడిలో ఐదుగురి నమూనాలు కలిపితే 20 పరీక్షలు చాలు. ఒక్కరికే రోగముంటే ఒక్క గుంపులోనే తేలుతుంది. ఆ ఐదుగురికీ విడివిడిగా చేస్తే మొత్తం 25. రోగం తక్కువున్న చోట ఐదేసి నమూనాలు కలపవచ్చని ఐ.సి.ఎం.ఆర్. 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది.

మూడవది మురుగునీరు. వైరస్ మలంలో కూడా పోతుంది. మార్కెట్ యార్డులో రాశిలోంచి గుప్పెడు గింజలు తీసి తేమ చూసినట్లే ఇదీను. సి.సి.ఎం.బి., తార్నాకలోని ఐ.ఐ.సి.టి. కలిసి హైదరాబాదు మురుగునీటిని పరీక్షించి, దాదాపు 6.6 లక్షల మందికి సోకివుండవచ్చని 2020 ఆగస్టులో అంచనా వేశాయి. అదే నెలలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం ఒక హాస్టలు మురుగునీటిలో వైరస్ కనిపించగానే అందులోని 311 మందినీ పరీక్షించింది. లక్షణాలు లేని ఇద్దరు దొరికారు. ఆ ఇద్దరినీ వేరుగా ఉంచితే సరిపోయింది.

ఇక మన దగ్గర ఏం జరిగింది? 2021 సెప్టెంబరు 1న బడులు తెరిచారు. ముందురోజే హైకోర్టు, ఏ విద్యార్థినీ బలవంతంగా రప్పించరాదనీ, గురుకులాలు అప్పుడే తెరవరాదనీ ఆదేశించింది. ఒకే గదిలో పదుల మంది పడుకునే చోట ఆ జాగ్రత్త సబబే. కానీ గురుకులంలో చదివేది ఎవరు? ఫోను కొనలేని ఇళ్ళ పిల్లలే. అక్టోబరులో అనుమతి వచ్చేదాకా వారు ఆగవలసి వచ్చింది. మా మేనమామ బిడ్డ ఎనిమిదో తరగతి పుస్తకాలు గూట్లో పెట్టి పత్తి ఏరబోయింది. ఇంట్లో సౌకర్యమున్న వానికి బడి ముందు తెరుచుకుంది, బడి తప్ప గతిలేని దానికి చివరన తెరుచుకుంది.

రోగం మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వస్తే పొడి పుల్లలు, కలిపిన నమూనాలు, హాస్టలు మురుగునీటి పరీక్ష మొదట గురుకులాలకే చేరాలి. బడి తెరవాలా, మూయాలా అని వాదించుకునే ముందు, పరీక్ష ఎవరి దాకా చేరిందని అడగడం సైన్సు విద్యార్థులుగా మన బాధ్యత.