ఈ బొమ్మలో ఏముంది?

ఏ బొమ్మ చూసినా మనం మొదట అడిగే ప్రశ్న "ఇదేమిటి?" అని. చెట్టయితే చెట్టనీ, మనిషైతే మనిషనీ చెప్పుకుని తృప్తి పడతాం. కానీ కొన్ని చిత్రాల్లో చెట్టూ ఉండదు, మనిషీ ఉండడు. రంగులు, గీతలు మాత్రమే ఉంటాయి. వీటినే నైరూప్య చిత్రాలు అంటారు. వాటిని చూడగానే "ఇవి గొప్పవాళ్ళకు గానీ మనకు అర్థం కావు" అనుకుని పక్కకు తప్పుకుంటాం. నేనూ ఒకప్పుడు అలా తప్పుకున్నదాన్నే. అది పొరపాటని చెప్పడానికే ఈ వ్యాసం.

తెలుగువారిలో ఈ కళలో పేరుపొందిన చిత్రకారుడు ఎస్.వి. రామారావు గారు. 1936లో కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టారు. మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ గారి దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. 1962లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్ మీద లండన్‌లోని స్లేడ్ స్కూల్‌కు వెళ్ళారు. తర్వాత అమెరికాలో స్థిరపడ్డారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన నైరూప్య చిత్రాల్లో రంగే ప్రధానం.

వస్తువు లేకుండా రంగు ఒక్కటే మనసును ఎలా కదిలిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో ముఖ్యుడు రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ. ఆయన న్యాయశాస్త్రం చదివారు. 1896లో మాస్కోలో ఒక ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన గడ్డివామి బొమ్మ చూశారు. అది గడ్డివామి అని కేటలాగు చూస్తే గానీ తెలియలేదు. అయినా ఆ రంగులు ఆయన మనసును వదల్లేదు. ముప్పై ఏళ్ళ వయసులో ఆ వృత్తి మానుకుని, బొమ్మలు నేర్చుకోవడానికి జర్మనీ వెళ్ళారు.

సన్నాయి పాట ఏ వస్తువునూ చూపించదు, అయినా మన కళ్ళు చెమరుస్తాయి. రంగు కూడా అంతేనని ఆయన సిద్ధాంతం. అయితే ఇష్టమొచ్చినట్టు రంగు పూస్తే కళ కాదు. చిత్రకారుడి లోపలి అవసరం నుంచి అది పుట్టాలి అన్నారు.

ఇది మనకు తెలియని సంగతా? మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎండాకాలం కల్లాల నిండా మిరపకాయలు ఆరబోస్తారు. రైతుకు ఆ ఎరుపులో యార్డు రేటు కనిపిస్తుంది. నాకు మాత్రం మా అమ్మ చేతులు కనిపిస్తాయి. కాయ కోతకు వెళ్ళొచ్చిన రోజు అమ్మ చేతులకు కొబ్బరినూనె రాసుకుని, మాకు అన్నం గరిటెతో కలిపి పెట్టేది. ఎరుపు అనగానే నాకు మిరపకాయ ఆకారం గుర్తుకు రాదు, ఆ మంట గుర్తొస్తుంది. ఆకారం పోయి అనుభవం మిగలడమే నైరూప్యం అని నాకు అప్పుడు అర్థమైంది.

కాబట్టి మిత్రులారా, ఇకమీద అలాంటి చిత్రం కనిపిస్తే "ఇదేమిటి?" అని అడగకండి. కాసేపు నిలబడండి. కన్ను ఎటు పోతోంది? ఏ రంగు బరువుగా ఉంది? ఏం గుర్తుకొస్తోంది? అని చూసుకోండి. వీలైతే నోటుబుక్కు చివరి పేజీలో మిరపకాయ గీయకుండా మీ ఎరుపును, పత్తికాయ గీయకుండా మీ తెలుపును వేసి చూడండి. అందుకు డిగ్రీ అక్కర్లేదు. మనకు కావలసిన అనుభవం మన ఇళ్ళలోనే ఉంది.