కొత్త కంప్యూటరులో సాఫ్టువేరు స్థాపన

విడిభాగాలు కొని కూర్చిన కంప్యూటరును (వాడుకలో అసెంబుల్డ్ కంప్యూటరు) తొలిసారి పనికి సిద్ధం చేయుటకు అందులో ఆపరేటింగు సిస్టమును, డ్రైవర్లను, ఇతర ప్రోగ్రాములను ఎక్కించుటను సాఫ్టువేరు స్థాపన అంటారు. కంపెనీలు తయారుచేసి అమ్మే కంప్యూటర్లలో సాధారణంగా ఇవన్నీ ముందే ఉంటాయి. కూర్చిన కంప్యూటరులో మాత్రం డిస్కు ఖాళీగా ఉంటుంది. మీట నొక్కినప్పుడు మదరుబోర్డులోని ఫర్మువేరు తప్ప మరేదీ పనిచేయదు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్ళలో విడిభాగాలు కొన్నప్పుడు దుకాణదారులే ఈ పని చేసి ఇచ్చుట కూడా కద్దు. అలా చేయించుకున్నా, డిస్కును ఎలా విభజించారో, ఏ లైసెన్సు వాడారో యజమాని అడిగి తెలుసుకొనుట మంచిది.

ఫర్మువేరు

1981లో వచ్చిన ఐబీఎం పీసీ కాలం నుండి ఈ ఫర్మువేరును బయాస్ అని పిలిచేవారు. ఇప్పటి బోర్డులలో దాని స్థానంలో యూఈఎఫ్ఐ ఉన్నప్పటికీ జనం నోట పాత పేరే నిలిచింది. స్థాపనకు ముందు ఇందులో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. బిగించిన మెమొరీ, డిస్కులు అన్నీ కనిపిస్తున్నాయా, ప్రాసెసరు ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నదా అని మొదట చూడాలి. పెట్టె మీద 6000 అని ఉన్న డీడీఆర్5 మెమొరీ కూడా మొదట 4800 వంటి తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అనే అమరికను ఎంచుకొంటే గానీ అసలు వేగం రాదు. అయితే స్థాపన ముగిసేవరకు దీనిని ముట్టుకోకపోవుట ఉత్తమం. మెమొరీలో లోపముంటే స్థాపన మధ్యలో ఫైలు చెడిపోయినదని పొంతనలేని సందేశాలు వస్తాయి, తప్పు పెన్‌డ్రైవుదని అందరూ పొరబడతారు. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాముతో ముందుగా మెమొరీని పరీక్షిస్తే ఈ సందేహం చాలావరకు తీరిపోతుంది.

స్థాపన మాధ్యమం

విండోస్ ఎక్స్‌పీ (2001) కాలంలో స్థాపన సీడీ నుండి జరిగేది. సాటా డిస్కుల డ్రైవరును ఎక్కించుటకు ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీ పెట్టవలసి వచ్చేది. నేడు 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవు చాలును. దీనిని తయారుచేయుటకు పనిచేస్తున్న వేరొక కంప్యూటరు కావాలి. అదే సమయంలో మదరుబోర్డు తయారీదారు వెబ్‌సైటు నుండి నెట్‌వర్కు డ్రైవరును కూడా దించుకొని పెన్‌డ్రైవులో ఉంచుకోవలెను. విండోస్ 11 హోమ్ స్థాపన అంతర్జాల సంధానం లేనిదే ముందుకు సాగదు. కొత్త బోర్డు మీది వైఫై చిప్పును స్థాపన ప్రోగ్రాము గుర్తించకపోతే సంధానం కుదరదు. సంధానం లేక డ్రైవరు రాదు, డ్రైవరు లేక సంధానం రాదు.

ఆపరేటింగు సిస్టము ఎంపిక

2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ సదుపాయం, కనీసం 4 జీబీ మెమొరీ, 64 జీబీ డిస్కు అవసరం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున కొత్త యంత్రంలో దానిని స్థాపించుట తగదు. లినక్సు పంపకాలలో ఉబుంటు (తొలి విడుదల 2004) తేలికగా స్థాపించదగినది. దీని దీర్ఘకాల మద్దతు సంచికలు రెండేళ్ళకొకసారి వెలువడతాయి. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుండే నడిపి చూసుకొనే వీలు ఉబుంటులో ఉన్నది. శబ్దం, వైఫై, తెర సరిగా ఉన్నాయో లేదో అలా ముందే తెలుస్తుంది.

విండోస్ లైసెన్సులలో ఓఈఎం రకం ఒక మదరుబోర్డుకే కట్టుబడి ఉంటుంది. రిటైల్ రకాన్ని మరొక యంత్రానికి మార్చుకోవచ్చు. లైసెన్సు లేకుండా నడిపించే "క్రాక్" ప్రోగ్రాములు చాలావరకు మొదట యాంటీవైరసును ఆపమని అడుగుతాయి. కావలివానిని పంపివేసి తలుపు తీయమనుట వంటిదే ఇది. డబ్బు పెట్టలేనివారికి లినక్సు ఉండనే ఉన్నది.

డిస్కు విభజన

మొత్తం పనిలో తిరిగి దిద్దుకోలేని పొరపాటు జరిగేది ఇక్కడే. పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌లో నాలుగు ప్రధాన విభాగాలకే చోటుండేది, సుమారు 2 టీబీకి మించిన చోటును అది గుర్తించలేదు. దాని స్థానంలో వచ్చిన జీపీటీకి ఈ పరిమితులు లేవు. యూఈఎఫ్ఐ యంత్రంలో విండోస్‌ను స్థాపించుటకు జీపీటీనే వాడాలి.

పాత కంప్యూటరు డిస్కును ఫోటోల కొరకు కొత్తదానికి తగిలించుట సర్వసాధారణం. స్థాపన తెరపై డిస్కులకు పేర్లుండవు. డిస్కు 0, డిస్కు 1 అని అంకెలు మాత్రమే ఉంటాయి. ఆ అంకెల క్రమం తీగలు తగిలించిన క్రమంలోనే ఉంటుందన్న హామీ లేదు. కనుక స్థాపన ముగిసేవరకు పాత డిస్కు తీగను ఊడదీసి ఉంచాలి. పరిమాణం చూసి గుర్తుపట్టవచ్చునని కొందరు అంటారు గానీ, రెండు డిస్కులూ 1 టీబీవే అయినప్పుడు ఆ ఉపాయం పనికిరాదు. పాత హార్డుడిస్కును పొరపాటున ఫార్మాట్ చేస్తే కొంతైనా వెలికితీసే అవకాశముండేది. ఎస్ఎస్‌డీలలో ఫార్మాట్ చేసిన వెంటనే ట్రిమ్ అనే ఆదేశం వెళ్ళి, ఆ చోటు ఖాళీ అయినదని డిస్కుకు తెలుపుతుంది. ఆపై పాత సమాచారం దాదాపుగా దొరకదు.

ఒకే యంత్రంలో రెండు సిస్టములు కావాలంటే ముందు విండోస్‌ను, తరువాత లినక్సును స్థాపించుట తేలిక. ఆపై కొన్నిసార్లు విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనుకబడుతుంది. బోర్డు మీది గడియారంలో ఉన్నది సార్వత్రిక సమయమని లినక్సు, స్థానిక సమయమని విండోస్ భావించుటయే దీనికి కారణం. రెంటిలో ఒకదాని అమరిక మారిస్తే సరిపోతుంది.

స్థాపన తరువాత

2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు వ్యాపించినప్పుడు, అప్పుడే స్థాపించిన ఎక్స్‌పీని అంతర్జాలానికి కలిపిన కొద్ది నిమిషాలకే, తాజాకరణలు దిగకముందే, అది సోకేది. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నుండి ఫైర్‌వాల్ దానంతటదే పనిచేస్తున్నందున ఆ బెడద తగ్గింది. అయినను ముందు సిస్టము తాజాకరణలు, తరువాత చిప్‌సెట్టు, గ్రాఫిక్సు డ్రైవర్లు, చివరకు ఇతర ప్రోగ్రాములు అనే వరుస నేటికీ పాటించదగినదే. విండోస్ 8 (2012) నుండి యాంటీవైరసు సిస్టములోనే ఉన్నది. ఇంటి వాడుకకు మరొకటి కొననక్కరలేదు.

మైక్రోసాఫ్టు ఖాతాతో స్థాపించిన విండోస్ 11లో, ముఖ్యంగా 2024 నాటి 24హెచ్2 సంచిక నుండి, డిస్కు గూఢీకరణ యజమాని అడగకుండానే మొదలు కావచ్చు. దాని పునరుద్ధరణ సంఖ్యలో 48 అంకెలుంటాయి. ఫర్మువేరును మార్చినప్పుడు గానీ బోర్డు చెడినప్పుడు గానీ ఈ సంఖ్యను అడిగితే, లేనివారికి తమ డిస్కు తమకే తెరుచుకోదు. సంఖ్య ఆ ఖాతాలో భద్రమై ఉంటుంది. దుకాణంలో వేరొకరి ఖాతాతో స్థాపన చేయించుకున్నచో అది ఆ వేరొకరి వద్దే ఉండిపోవును. కావున ఆ సంఖ్యను కాగితం మీద వ్రాసి ఉంచుకోవలెను.

తెలుగు అమరిక

యూనికోడులో తెలుగు 1991 నాటి మొదటి సంచిక నుండే ఉన్నది. విండోస్‌లో తెలుగు తోడ్పాటు, గౌతమి ఖతితో సహా, ఎక్స్‌పీతో వచ్చింది. అప్పట్లో సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, మళ్ళీ సీడీ పెడితే గానీ ఒత్తులు, గుణింతాలు కుదురుగా కనబడేవి కావు. ఇప్పుడు అక్షరాలు చూచుటకు ఏమీ చేయనక్కరలేదు. విండోస్ 8 నుండి నిర్మలా ఖతి తోడుగా వస్తున్నది. పాత పత్రాల కొరకు గౌతమి, వాణి ఖతులు కావలసినవారు ఐచ్ఛిక సదుపాయాల నుండి తెలుగు అదనపు ఖతులను ఎక్కించుకోవాలి. టైపు చేయుటకు భాషల అమరికలో తెలుగును చేరిస్తే ఇన్‌స్క్రిప్టు మీటల అమరిక వస్తుంది. ఆంగ్ల మీటలతో ఉచ్చారణ ప్రకారం వ్రాసే అలవాటున్నవారు లేఖిని వంటి ఉపకరణాలు వాడుకోవచ్చు. పాత కంప్యూటరులో అను ఖతులతో వ్రాసుకున్న పత్రాలు యూనికోడులో ఉండవు. ఆ ఖతులను కొత్తదానిలో కూడా ఎక్కించకపోతే అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. కనుక పాత యంత్రాన్ని వదిలించుకొనక మునుపే ఆ పత్రాలను యూనికోడులోకి మార్చుకొనవలెను.